ఆదివారం ఎనిమిదిన్నరకి తెరిచిన హోటలు

2001 నవంబరు 18, ఆదివారం. ఆ రాత్రి ఎనిమిదిన్నరకి జెమినీ టీవీలో ఓ కొత్త సీరియల్ మొదలైంది. అందులో ఏడుపు లేదు. విలన్ లేడు. తాళాల గుత్తి బొడ్లో దోపుకున్న అత్తగారు లేదు. ఇద్దరు స్నేహితులు, వాళ్ల భార్యలిద్దరు, ఓ ఇంటి ఓనరు, ఓ సర్వరు... సరంజామా మొత్తం ఇంతే. సరిగ్గా ఆరేళ్లు గడిచాక, 2007 నవంబరు 18న, అది కూడా ఆదివారమే, ఆ సీరియల్ ముగిసింది. మొత్తం 313 ఎపిసోడ్లు. పేరు చెప్పక్కర్లేదు కదా. అమృతం.

నాకు వృత్తిరీత్యా లెక్కలు సరిచూసుకునే జబ్బు ఒకటుంది. క్యాలెండరు తీసి చూశాను. ఆ రెండు తేదీలనీ కలుపుకుని మధ్యలో వచ్చే ఆదివారాలు 314. ఎపిసోడ్లు 313. అంటే ఆరేళ్లపాటు దాదాపు ఏ వారమూ ఖాళీ పోలేదు. ప్రకటనలు తీసేస్తే ఎపిసోడ్‌కి ఇరవై నిమిషాలనుకుందాం. అన్నీ కలిపితే నూటనాలుగు గంటల పైమాట. రెండున్నర గంటల సినిమాలు నలభైకి పైగా తీసినట్టు. నలభై కామెడీ సినిమాలు, ఆరేళ్లలో, అవే అరడజను పాత్రలతో! ఏ సినిమా రచయితనైనా ఈ పని చేసి పెట్టమని అడిగి చూడండి, చెప్పు వెతుక్కుంటాడు.

ఈ పని నెత్తికెత్తుకున్న మనిషి గుణ్ణం గంగరాజు. అమృతం సృష్టికర్త, రచయిత, నిర్మాత. సంస్థ పేరు జస్ట్ ఎల్లో. అమృతం పేరు చెప్తే తెలియని తెలుగువాడు అరుదు గానీ గంగరాజు ఫొటో చూపిస్తే గుర్తుపట్టేవాళ్లు ఎందరో నాకు అనుమానమే. తెర వెనక మనుషులకి మన దగ్గర ఎప్పుడూ ఇదే మర్యాద. నవ్వించిన నటుడు గుర్తుంటాడు, ఆ మాట రాసినవాడు టైటిల్స్‌లో రెండు సెకన్లు కనిపించి వెళ్లిపోతాడు. అందుకే ఈ వ్యాసం ఆయన చేసిన పని గురించి.

పిల్లల సినిమాతో మొదలు

గంగరాజు ముందు సినిమా మనిషి. 1996లో ‘లిటిల్ సోల్జర్స్’ తీశారు. బాలాదిత్య, బేబి కావ్య అన్నాచెల్లెళ్లుగా చేసిన సినిమా. పెద్ద హీరో లేకుండా, పిల్లల్ని ముందు పెట్టి, అదీ పిల్లల భాషలో పిల్లలు మాట్లాడేట్టుగా తీయడం అప్పటి మార్కెట్లో తెలివైన పని అనిపించుకోదు. నంది అవార్డులొచ్చాయి. టీవీలో వచ్చినప్పుడల్లా నా తరం పిల్లలు కదలకుండా చూశారు. ఆ సినిమా ఇప్పుడు చూస్తే తర్వాత అమృతంలో కనిపించేవి కొన్ని అప్పుడే కనిపిస్తాయి. ఎవరూ పనిగట్టుకుని జోకు వేయరు. పాత్ర తన పని తను సీరియస్‌గా చేసుకుపోతుంటుంది, మనకి నవ్వొస్తుంది.

అమృతం నడుస్తున్న రోజుల్లోనే ఆయన సినిమాలూ నిర్మించారు. 2003లో ‘ఐతే’ వచ్చింది. చంద్రశేఖర్ యేలేటికి దర్శకుడిగా మొదటి సినిమా. తెలుగులో ఉత్తమ చిత్రంగా జాతీయ అవార్డు తెచ్చుకుంది. 2005లో మళ్లీ యేలేటితోనే ‘అనుకోకుండా ఒక రోజు’. 2006లో ఆయనే దర్శకుడిగా శర్వానంద్, సుహాసినిలతో ‘అమ్మ చెప్పింది’. వారం వారం ఎపిసోడ్ ఒకపక్క, థియేటర్ సినిమా ఒకపక్క. ఒక్క రిలీజు దగ్గర పెట్టుకుని మా టీమంతా నెల రోజులు నిద్ర మానేస్తాం. ఈయనకి ఆరేళ్లు ప్రతి ఆదివారమూ రిలీజే.

యేలేటి మొదట అమృతం దర్శకుల్లో ఒకరు. తర్వాత ఎస్.ఎస్. కాంచి చాలా ఎపిసోడ్లు చేశారు. ‘మర్యాద రామన్న’ కథకుడు ఈ కాంచిగారే. సర్వం పాత్ర వేసిన వాసు ఇంటూరి, అమృతం పాత్ర వేసిన హర్షవర్ధన్ కూడా దర్శకత్వంలో చెయ్యి వేశారు. టైటిల్ పాట సిరివెన్నెల సీతారామశాస్త్రి రాశారు, కల్యాణి మాలిక్ స్వరం కట్టారు. టీవీ కామెడీకి సిరివెన్నెల చేత పాట రాయించాలన్న ఆలోచనే ఒక పందెం. ఏ ఏడుపుగొట్టు సీరియల్ పాటైనా ఇప్పుడు మనకి గుర్తుందా? ఇది మాత్రం ముప్పై దాటినవాళ్లు ఎవరైనా మొదటి ముక్క వినగానే అందుకుంటారు. కష్టాన్ని కాస్త పక్కకి జరిపి చూడమని చెప్పే పాటది. కానీ ఉపన్యాసంలా ఉండదు, భుజం మీద చెయ్యేసి చెప్పినట్టు ఉంటుంది.

అద్దె ఇల్లు, నడవని హోటలు

అసలు అమృతం ఎందుకు అంత నిలబడింది? మంచి కామెడీ కాబట్టి అంటే అది జవాబు కాదు.

అమరిక చూడండి. అమృతరావుకి గొప్పవాడై పోవాలని ఆశ. శ్రమ లేకుండా. పక్కవాటాలో స్నేహితుడు ఆంజనేయులు మెతక మనిషి, కాదనలేడు. సంజీవని, శాంత ఇద్దరూ మొగుళ్ల తెలివితేటలు ఎరిగిన ఆడవాళ్లు. ఇంటి ఓనరు అప్పాజీ. ఆయనకి గోంగూర అని హోటలుంది. వీళ్లు ఆయన ఇంట్లోనే అద్దెకుంటూ అమృత విలాస్ అని పోటీ హోటలు పెట్టారు. దానికి వంటవాడూ సర్వరూ అన్నీ సర్వమే.

ఇందులో గమనించాల్సిన సంగతి ఒకటుంది. ఇక్కడ ఎవరూ ఎవరి నుంచీ తప్పించుకోలేరు. ఓనరు ఇల్లు ఖాళీ చేయించడు, చేయిస్తే కథే లేదు. అమృతం గొప్పవాడు కాలేడు, అయితే కథ అయిపోతుంది. హోటలు మూతపడదు, నడవదు కూడా. ప్రతి ఎపిసోడ్ చివరికీ అందరూ మొదలెట్టిన చోటికే రావాలి. మా భాషలో చెప్పాలంటే, ప్రోగ్రాం ఎంత గందరగోళం చేసినా చివరికి మెమరీ ఖాళీ చేసి వెళ్లాలి. డైలీ సీరియల్‌కి ఈ ఇబ్బంది లేదు, నిన్నటి బాకీని ఇవాళ్టికి, ఇవాళ్టి బాకీని రేపటికి తోసేస్తుంది. అమృతం రచయిత మాత్రం ఇరవై నిమిషాల్లో అప్పు చేసి ఇరవై నిమిషాల్లోనే తీర్చాలి.

ప్రపంచంలో ఇది కొత్త అమరికేం కాదు. అమెరికాలో 1955-56లో వచ్చిన ‘ది హనీమూనర్స్’ కూడా అచ్చం ఇలాగే రెండు జంటలూ, ఒకే భవనంలో ఇళ్లూ, డబ్బు సంపాదించే పిచ్చి పథకాలూ. బస్సు డ్రైవరొకడు, అతని స్నేహితుడొకడు. ఆ మూలసూత్రం అరవై డెబ్బై ఏళ్లుగా ఎన్నో దేశాల్లో తిరుగుతోంది. గంగరాజు గొప్పతనం సూత్రంలో కాదు, దాన్ని మన వాటాల ఇంటికి, మన అద్దె గొడవకి, మన విలాస్ బోర్డుకి సరిపోయేట్టు కుట్టుకోవడంలో ఉంది. గుడివాడలో గానీ బందరులో గానీ అద్దెకున్నవాడికి ఓనరంటే ఏమిటో విడమరిచి చెప్పాలా? నీళ్ల మోటారు ఎప్పుడెయ్యాలో ఆయనే చెప్తాడు, చుట్టాలు ఎన్నాళ్లుంటారో ఆయనే అడుగుతాడు, మళ్లీ పండక్కి ఆయనింట్లోంచే పులిహోర వస్తుంది. ప్రేమా పెత్తనమూ విడదీయలేని ఆ వాసనని నరిపెద్ది శివన్నారాయణ అప్పాజీగా పట్టేశారు. అందుకే ఆయన్ని తిట్టుకుంటూనే ఇష్టపడతాం.

ఎపిసోడ్ ఎలా అల్లుతారో అర్థం కావాలంటే మనమే ఒకటి అల్లి చూడొచ్చు. ఇది సీరియల్లోది కాదు, నా సొంతం, కాబట్టి మొహమాటపడకుండా విమర్శించుకోవచ్చు. అద్దె మూడు నెలలు బాకీ. అప్పాజీ సాయంత్రంలోగా కట్టమన్నాడు. అమృతం నోటికొచ్చిన అబద్ధం ఆడతాడు: బందరు నుంచి మా పెద్దమ్మ వస్తోంది, పొలం అమ్మిన డబ్బు తెస్తోంది. పెద్దమ్మ లేదు, పొలమూ లేదు. కానీ పొలం అనగానే అప్పాజీకి కొనాలనే ఆశ పుట్టింది. సాయంత్రం పెద్దమ్మని భోజనానికి తీసుకురమ్మన్నాడు. ఇప్పుడు పెద్దమ్మ కావాలి. ఆంజనేయులికి చీర కట్టారు. సంజీవనికి సంగతి తెలియదు, ఎవరో పెద్దావిడ వచ్చిందని కాళ్లకి దణ్ణం పెట్టింది. సర్వానికి సంగతి తెలుసు, అదే ప్రమాదం. ‘అయ్యగారూ, తమకి కాఫీలో చక్కెర...’ అని పెద్దమ్మని అడిగేశాడు.

చీర కట్టించడం పాత చిట్కా, ఒప్పుకుంటాను. కానీ వరస చూడండి. ఎక్కడా యాదృచ్ఛికం లేదు. అమృతం అబద్ధం అతని భయంలోంచి వచ్చింది. అది పెరగడం అప్పాజీ ఆశలోంచి వచ్చింది. బయటపడటం సర్వం అమాయకత్వంలోంచి వచ్చింది. ప్రతి మెట్టూ ఎవరో ఒకరి స్వభావం వేసిందే. బయట నుంచి లారీ వచ్చి గుద్దదు. పాత్రల గుణం ముందే గట్టిగా నిలబెట్టుకుంటే సంఘటన దానంతటదే నడుస్తుంది. నిలబెట్టుకోకపోతే నాలుగో నిమిషంలోనే పంచ్ డైలాగు అరువు తెచ్చుకోవాలి.

ఒకే పాత్ర, ముగ్గురు మనుషులు

ఈ మాటకి రుజువు సీరియల్లోనే ఉంది. అమృతంగా మొదట శివాజీరాజా చేశారు. తర్వాత నరేష్. ఆ తర్వాత హర్షవర్ధన్, చివరిదాకా. ముగ్గురి ముఖాలు వేరు, ఒడ్డూ పొడవూ వేరు, మాట విరుపు వేరు. ప్రధాన పాత్ర ముఖమే మారిపోతే మామూలుగా సీరియల్ అక్కడితో ఆగిపోతుంది. లేదంటే ప్రమాదం జరిగిందనో ప్లాస్టిక్ సర్జరీ అనో తంటాలు పడాలి. ఇక్కడ జనం ఓ వారం మూతి ముడిచి మూడో వారానికి మళ్లీ నవ్వారు. ఎందుకంటే వాళ్లకి కావలసింది అమృతం ఆశ, అమృతం అబద్ధం. అవి కాయితం మీద ఉన్నాయి.

మా ఇంట్లో దీని మీద ఇప్పటికీ గొడవే. మా అమ్మకి శివాజీరాజా. నాన్నకి నరేష్. నాకు బుద్ధి తెలిసేసరికి హర్షవర్ధన్ వచ్చేశారు కాబట్టి నా ఓటు ఆయనకి. నాగాయలంకలో ఉండే మా పెదనాన్న మాత్రం ముగ్గుర్నీ కొట్టేసి ‘హనుమంతరావు లేకపోతే మీ అమృతాలు ఎవరికి కావాలిరా’ అనేవాడు.

పెదనాన్న మాటలో పాయింటుంది, నా సిద్ధాంతానికి అక్కడే గండి పడుతుంది. గుండు హనుమంతరావు బెజవాడ మనిషి, నాటకాల మీంచి వచ్చినవాడు. ఆంజనేయులుగా ఆయన చేసింది రాసిన మాట చెప్పడం ఒక్కటే కాదు. అమృతం పథకం చెప్తున్నంతసేపూ ఆయన ముఖం చూడండి. ముందు భయం, తర్వాత కొద్దిగా ఆశ, తర్వాత ఆశ పడినందుకు సిగ్గు, ఆఖరికి ‘సరే’. ఈ నాలుగూ రచయిత రాయలేడు, చోటు మాత్రం వదలగలడు. 2018 ఫిబ్రవరి 19న ఆయన పోయారు. రెండేళ్ల తర్వాత, 2020 మార్చి 25 ఉగాది నాడు, జీ5లో ‘అమృతం ద్వితీయం’ మొదలైనప్పుడు ఆంజనేయులుగా ఎల్.బి. శ్రీరామ్ వచ్చారు. శ్రీరామ్ చిన్న నటుడా? తనూ రచయితే, హాస్యం ఎముకల్లో ఉన్నవాడు. అయినా చూస్తున్నంతసేపూ కళ్లు ఇంకో ముఖాన్ని వెతికాయి. అమృతం ముగ్గురయ్యారు గానీ ఆంజనేయులు ఇద్దరు కాలేకపోయాడు.

బందరు చుట్టరికం

ఈ నవ్వుకి మన వైపు నుంచి ఒక దారి ఉందని నాకనిపిస్తుంది. మచిలీపట్నంలో పుట్టిన ఆదివిష్ణు ఆర్టీసీలో ఉద్యోగం చేస్తూ కథలూ నవలలూ నాటకాలూ రాశారు. ఆయన నవల ‘సత్యంగారిల్లు’ ఆధారంగానే జంధ్యాల 1987లో ‘అహ నా పెళ్లంట’ తీశారు. అందులో పిసినారి లక్ష్మీపతిగా చేసిన కోట శ్రీనివాసరావుది బందరు రోడ్డు మీది కంకిపాడు. చిన్న వేషంలో మన గుండు హనుమంతరావు కూడా ఉన్నారు. ఆ సినిమాలో నవ్వంతా ఒకే ఇంట్లో పుడుతుంది. ఒకడి స్వభావం, దానికి తగ్గట్టు మిగతావాళ్లు ఆడాల్సిన అబద్ధాలు. పదిహేనేళ్ల తర్వాత అమృతంలో నడిచిందీ ఆ బండే. గంగరాజు ఎవరి నుంచి ఏం నేర్చుకున్నారో నేను చెప్పలేను గానీ, చూసే మనకి మాత్రం ఆ నవ్వు అప్పటికే అలవాటైన నవ్వు.

ఇంకా వెనక్కి వెళ్తే మొవ్వ పక్కన కూచిపూడి ఉండనే ఉంది. భామాకలాపంలో సత్యభామ విరహంతో కుమిలిపోతుంటే పక్కన మాధవి చేసే వేళాకోళం చూసినవాళ్లకి తెలుస్తుంది. ఏడుపు పక్కనే నవ్వుని కూచోబెట్టడం, ఆ నవ్వుకి పాత్ర స్వభావమే కారణమవడం మనకి టీవీ నేర్పలేదు. కూచిపూడివాళ్లు పగటివేషాలు కూడా కట్టేవారు. ఊళ్లో పెద్దమనిషి నడకని ఆయన ముందే నడిచి చూపించి సంభావన పుచ్చుకోవడం ఆషామాషీ విద్య కాదు. అప్పాజీని చూసినప్పుడల్లా నాకు అదే గుర్తొస్తుంది. నిజంగా ఇళ్లు అద్దెకిచ్చేవాళ్లు కూడా ఆయన్ని చూసి నవ్వారు. మా ఓనరు తాతగారు ఆదివారం రాత్రి మా వాటాలోకొచ్చి కూచుని మరీ చూసేవారు, ఆ నెల అద్దె మేమింకా ఇవ్వకపోయినా సరే.

టీవీ కామెడీకి ముందు తరం కూడా ఉంది లెండి. దూరదర్శన్‌లో ధర్మవరపు సుబ్రహ్మణ్యం చేసిన ‘ఆనందోబ్రహ్మ’ కోసం టీవీ ఉన్న ఇంటి అరుగు మీద జనం కిక్కిరిసేవారని అమ్మ చెప్తుంది. దివిసీమలో అప్పట్లో టీవీ ఉన్న ఇల్లంటే ఊరంతటిదీ.

డబ్బు సంగతి

ఇప్పుడు అసలు విషయానికొద్దాం. అమృతం తర్వాత అలాంటిది మళ్లీ ఎందుకు రాలేదు? రచయితలు లేకనా? నేను నమ్మను.

అప్పట్లో సన్ గ్రూపు చానళ్లలో (జెమినీ వాళ్లదే) ఎక్కువగా నడిచిన పద్ధతి ఇది. నిర్మాత చానల్‌కి డబ్బు కట్టి అరగంట సమయం తీసుకుంటాడు. ఎపిసోడ్ తనే తీస్తాడు. ఆ అరగంటలో వచ్చే ప్రకటనలు తనే అమ్ముకుంటాడు. లాభమైనా నష్టమైనా అతనిదే. డైలీ సీరియల్‌కి ఈ లెక్క సులువు. ఒకే ఇంటి సెట్టు, నెలకి ఇరవైకి పైగా ఎపిసోడ్లు, ఒకరోజు షూటింగులో ఒక ఎపిసోడ్ లాగేయొచ్చు. హాల్లో నలుగురు నిలబడి ఒకరి ముఖం ఒకరు చూసుకుంటే, ఆ చూపుల మీద ఉరుములు వేస్తే, రెండు నిమిషాలు గడిచిపోతాయి. కామెడీలో ఆ రెండు నిమిషాలూ రాయాలి. వారానికి ఒక్క ఎపిసోడే కాబట్టి ప్రకటనలు అమ్ముకునే అవకాశమూ వారానికి ఒక్కసారే. పైగా ఎప్పటికప్పుడు కొత్త కథ కావాలి. డైలీ రచయిత ఒక కథని ఆరేళ్లు సాగదీస్తాడు, అమృతం వాళ్లు ఆరేళ్లలో ఎన్నెన్నో కథలు ఖర్చుపెట్టారు. ఏ వ్యాపారికైనా రెండిట్లో ఏది ముద్దొస్తుందో వేరే చెప్పాలా?

గంగరాజు రచయితా నిర్మాతా ఒక్కరే కావడం ఇక్కడ పనికొచ్చింది. ఉద్యోగి రచయిత అయ్యుంటే మూడో నెలలో ఎవరో ఒకరు ‘సార్, అమృతానికి ఒక చెల్లెలు, ఆ చెల్లెలికి ఒక కష్టం పెడదాం’ అని ఉండేవారు. అది ఆయనే ఆపగలిగే స్థానంలో ఉన్నారు. రెండో లాభం ఆలస్యంగా తెలిసింది. జెమినీలో వచ్చిన అమృతం పన్నెండేళ్ల తర్వాత జీ5లోకి వెళ్లగలిగిందంటే ఆ పేరూ పాత్రలూ చానల్ బీరువాలో కాకుండా తయారుచేసినవాళ్ల దగ్గరే ఉన్నాయని అర్థం. పాత ఎపిసోడ్లు యూట్యూబ్‌లో ఉన్నాయి. మా ఆఫీసులో భోజనాల వేళ డబ్బా విప్పగానే ఫోన్లో అమృతం పెట్టుకునేవాళ్లు నాతో కలిపి నలుగురం. 2007కి మా అందరివీ స్కూలు చదువులే.

ఆ తర్వాత వచ్చిన మార్పు తెలిసిందే. 2013 ఫిబ్రవరిలో ఈటీవీలో ‘జబర్దస్త్’ మొదలైంది. కొందరు దాన్ని తిట్టడమే హాస్యాభిమానం అనుకుంటారు. నేను అలా అనను. చిన్న ఊళ్ల నుంచి వచ్చిన ఎందరికో, స్కిట్ రాసుకుని తనే ఆడి పేరు తెచ్చుకునే దారి అది వేసింది. సాఫ్ట్‌వేర్ వదిలి అటు వెళ్లిన హైపర్ ఆదిని చూసి మా వాళ్లలో అసూయపడనివాళ్లు తక్కువ. కానీ స్కిట్ లెక్క వేరు. పదినిమిషాల్లో ముగిసిపోవాలి, ఎదురుగా జడ్జిలు నవ్వాలి, అదీ ప్రతి ఇరవై సెకన్లకి. అంత తొందరలో స్వభావం కట్టుకునే సమయం ఉండదు. దొరికేది పక్కవాడి ఒళ్లూ రంగూ, భార్య మీద జోకూ, ఆడవేషం. అమృతంలోనూ వేషాలున్నాయి, అయితే వేషం కట్టినవాడికి పట్టుబడతానన్న భయం ఉండేది. ఆ భయం చూసి నవ్వాం. ఇప్పుడు వేషాన్ని చూసి నవ్వమంటున్నారు. నాకు ఆ రెండూ ఒకటి కావు.

గంగరాజు చేసినవన్నీ గెలిచాయనీ అనలేం. 2014 మేలో ‘చందమామలో అమృతం’ సినిమాగా వచ్చింది. శ్రీనివాస్ అవసరాల అమృతం, హరీష్ ఆంజనేయులు. ఈసారి హోటలు చంద్రుడి మీద. తెలుగులో అలాంటి ఆలోచన చేయడానికే గుండె కావాలి. థియేటర్లో మాత్రం ఆడలేదు. ఇరవై నిమిషాల యంత్రాన్ని రెండు గంటలకి బిగిస్తే బోల్టులు ఊడతాయన్నది ఒక కారణం. ఇంకోటి నాకు తోచింది చెప్తాను. చంద్రుడి మీద పక్కవాటా లేదు. మనం నవ్వింది అద్దె ఇంట్లో, గోడ అవతల మాట ఇవతలికి వినపడే ఇంట్లో. భూమ్యాకర్షణ తగ్గితే అప్పాజీ బరువు కూడా తగ్గిపోయింది.

అక్కడ పనిచేసినవాళ్లు మాత్రం ఊరికే పోలేదు. హర్షవర్ధన్ తర్వాత ‘ఇష్క్’, ‘గుండెజారి గల్లంతయ్యిందే’, ‘మనం’ సినిమాలకి మాటలు రాశారు. ‘మనం’లో పెద్ద పెద్ద సంగతుల మధ్య మామూలు మాటలు ఎంత హాయిగా పడతాయో చూడండి. వారం వారం అమృతం మాటలు పలికిన నోటికి ఆ అలవాటు అక్కడిదే అయ్యుంటుంది. యేలేటి, కాంచి సంగతి పైన చెప్పాను. సినిమా స్కూలు లేని చోట వారపు కామెడీ స్కూలు పని చేసింది.

ఇప్పుడు ఆ స్కూలు లేదు. ఉన్నది ఫోను. అవనిగడ్డలో నా ఇంజినీరింగ్ స్నేహితుడొకడు రెండేళ్లుగా చిన్న చిన్న కామెడీ వీడియోలు రాసి తీస్తున్నాడు. నటులంతా ఊళ్లోవాళ్లే, పులిగడ్డ వంతెన మీద ఒక సీను, కిళ్లీ కొట్టు ముందు ఒక సీను. నాలుగు నిమిషాలవి బాగానే ఆడుతున్నాయి. ఈ మధ్య ఒక వెబ్ సంస్థ వాళ్లు పిలిచి, ఇరవై నిమిషాల ఎపిసోడ్లు పది రాసివ్వమన్నారట. ఒప్పందం కాగితాలు నాకు పంపాడు, ఇంగ్లీషులో ఉన్నాయి చదివి చెప్పరా అని. ఎపిసోడ్‌కి ఇంత అని ఒకేసారి ఇస్తారు. పేరూ, పాత్రలూ, తర్వాత ఏ భాషలో ఎవరు ఎలా తీసినా ఆ హక్కులూ, అన్నీ శాశ్వతంగా సంస్థవే. రచయితగా పేరు వేయడం ‘వీలునుబట్టి’.

నేను ఆ ముక్క కింద గీత గీసి పంపాను. అమృతం జెమినీ నుంచి జీ5కి ఎలా వెళ్లిందో కూడా ఫోన్లో చెప్పాను. వాడు చాలాసేపు మాట్లాడలేదు. డబ్బు వాడికి అవసరమే, చెల్లెలి పెళ్లి మాఘమాసంలో. చివరికి పాత్రల పేర్లు తన దగ్గరే ఉంచుకునేట్టు, టైటిల్స్‌లో రచయిత పేరు తప్పనిసరిగా వేసేట్టు రెండు మార్పులు అడిగి తిప్పి పంపాడు. వాళ్ల నుంచి ఇంకా జవాబు లేదు. ఈలోపు రెండో ఎపిసోడ్ రాస్తున్నాడు. కథ ఒక మెస్సులో నడుస్తుంది, ఓనరు పాత్రకి ఊళ్లో ఎవర్ని అడగాలో ఇంకా తేల్చుకోలేదు.